వ్యర్థం గడిలో టీ

ఏలేరుపేట పురపాలక సంఘానికి టీ పిప్పి మీద ప్రేమ పుట్టేదాకా నూకరత్నం తాను టీ అమ్ముకుంటున్నాననే అనుకునేది.

ఆమె బడ్డీ పురపాలక కార్యాలయం గోడకు ఆనుకుని ఉంటుంది. నాలుగు రేకులు, ఒక గ్యాసు పొయ్యి, రెండు బల్లలు. రోడ్డుకి అవతల అంగన్‌వాడీ. దాని కిటికీలోంచి ఎర్ర రిబ్బను కనిపిస్తూ ఉంటే నూకరత్నం చెయ్యి సాఫీగా ఆడుతుంది. కనిపించకపోతే టీలో పంచదార రెండుసార్లు పడుతుంది. ఆ రిబ్బను ఆమె కూతురు దేవికది. మూడేళ్ళ పిల్ల. ఏడాది నిండకముందు ఒకసారి జ్వరంలో ఫిట్సు వచ్చింది. మళ్ళీ రాలేదు. "ఇంక రాదులేమ్మా" అన్నాడు డాక్టరు. ఆయన మగాడు, పైగా డాక్టరు, అనగలడు. తల్లి అనుకోలేకపోయింది.

"పిలిస్తే పలికేంత దూరంలో నువ్వుంటానంటేనే పిల్లని చేర్చుకుంటాను రత్నం" అని అంగన్‌వాడీ టీచరు సత్యవేణి ముందే షరతు పెట్టింది. అందుకే బస్టాండులో బాగా సాగుతున్న బేరాన్ని వదులుకుని నూకరత్నం ఇక్కడికొచ్చింది. మొగుడు లారీ మీద ఒడిశా పోతే వారానికో పది రోజులకో గాని రాడు. అత్త లేదు, ఆడబిడ్డ లేదు. ఉన్నదల్లా ఈ కిటికీ.

ఏడో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. చదవడం వచ్చు గాని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. అయితే మొదలుపెట్టింది చివరిదాకా చదవనిదే వదలదు. పిల్లకి మందు సీసా కొంటే పైన అంటించిన కాగితం మీది చీమ తలకాయలంత అక్షరాలు కూడా వేలు పెట్టి చదివి, "ఎండ తగలకుండా ఉంచవలెను" అన్న మాట కోసం ఆ సీసాని బియ్యం డబ్బాలో దాస్తుంది.

ఇలా ఉండగా కమిషనరు గారు ఏదో సదస్సుకి వెళ్ళొచ్చారు. టీ పిప్పి, కాఫీ పిప్పి పారెయ్యకూడదని, వాటిలోంచి జిగురు, రంగు, ద్రావకం, నీళ్ళు శుభ్రం చేసే బొగ్గు, ఫ్యాక్టరీలకు కావలసిన ఇంకా ఏవేవో రసాయనాలు తీయవచ్చని అక్కడ ఒక శాస్త్రవేత్త చెప్పాడట. ఆయన చెప్పింది నిజమే. నిజం ఒక కార్యాలయంలో అడుగుపెట్టాక ఏమవుతుందో మాత్రం ఆయన చెప్పలేదు.

నెల తిరిగేసరికి ఊరి చివర పెద్ద రేకుల షెడ్డు లేచింది. అందులోకి ఏనుగంత యంత్రం దిగింది. మంత్రి గారొచ్చి కొబ్బరికాయ కొట్టారు. పథకానికి ప్రత్యేకాధికారిగా సచ్చిదానందం గారనే ఆయన వచ్చారు. ఆయన టీ తాగరు, కాఫీ తాగరు. అందుచేత పిప్పిని నిష్పక్షపాతంగా చూడగలరని ఎంపిక చేశారు.

అప్పటిదాకా నూకరత్నం బడ్డీలోని పిప్పి సత్యవేణి టీచరు గులాబీ మొక్కలకి పోయేది. ఇకమీదట అది పథకానికి పోవాలి, అందుకు ముందుగా ఫారం నింపాలి అన్నారు. ఫారం పట్టుకుని సీనియర్ అసిస్టెంటు తాతబ్బాయి వచ్చాడు. పదేళ్ళుగా గంటకో టీ తాగే మనిషి. బల్ల మీద కూర్చుని కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మీ సంస్థ యొక్క ప్రధాన ఉత్పత్తి. ఏం రాయను రత్నం?"

"టీ అండి."

"టీ అని రాస్తే ఎలాగమ్మా? ఇది పిప్పి పథకం. టీకి పథకం లేదు." పిప్పి అని రాశాడు. "తర్వాత గడి. ఉత్పత్తి క్రమములో వెలువడు వ్యర్థము."

"వ్యర్థం అంటే పిప్పే కదండీ?"

"పిప్పి పైన రాసేశాం కదా. ఒకే మాట రెండు గడుల్లో ఉంటే కంప్యూటరు ఒప్పుకోదు. ఖాళీగా వదిలేసినా ఒప్పుకోదు, మొన్న నా పెన్షను కాగితాన్ని అలాగే మూడుసార్లు తిప్పికొట్టింది. సరే, పిప్పి తీసేశాక నీ దగ్గర ఇంకేం మిగుల్తుంది?"

"టీ మిగుల్తుందండి."

"హమ్మయ్య. అదే రాద్దాం. రోజుకెంత?"

"పాతిక లీటర్లు ఉంటదండి."

తాతబ్బాయి వ్యర్థం గడిలో టీ అని గుండ్రంగా రాశాడు. నూకరత్నం ఆ అక్షరాన్ని వేలు పెట్టి చదివింది. "బాబాయి గారూ, టీని వ్యర్థం అంటే పాపం కాదాండీ?" అంది.

"గడి నిండాలమ్మా, పాపం పుణ్యం తర్వాత" అని ఆయన సంతకం పెట్టించుకుని, వ్యర్థం ఒక గ్లాసు తాగి వెళ్ళాడు.

పదిహేను రోజుల తర్వాత తేలిందేమిటంటే, యంత్రం పూటకి ఒక టన్ను పిప్పి తినగలదు. ఊరు మొత్తం కలిసి అరవై కిలోలు ఇస్తోంది. యంత్రాన్ని చిన్నది చేయడానికి వీలు లేదు కనుక ఊరి దాహాన్ని పెద్దది చేయాలని తీర్మానించారు.

ఆ వారమే ఉత్తర్వు వచ్చింది. పురపాలక ఉద్యోగులందరూ విధి నిర్వహణలో భాగముగా పూటకు పన్నెండు టీలు సేవించవలెను. జనన ధ్రువపత్రమునకు దరఖాస్తుతో పాటు అరకిలో పిప్పి జతపరచవలెను. మరణ ధ్రువపత్రమునకు పావుకిలో చాలును, కుటుంబము దుఃఖములో ఉండును కావున.

తాతబ్బాయికి రెండో రోజుకే చేతులు వణకడం మొదలైంది. నాలుగో రోజుకి సంతకం మారిపోయి, ఇది మీది కాదని బ్యాంకువాళ్ళు చెక్కు తిప్పి పంపారు. "నా చెయ్యే కదయ్యా!" అని చూపిస్తే, ఆ వణికే చేతిని చూసి పక్క కౌంటరు వాడు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

బేరం పెరిగింది కదా అని నూకరత్నం సంతోషపడే లోపల, తాతబ్బాయిని వెంటబెట్టుకుని సచ్చిదానందం గారు స్వయంగా వచ్చారు. జల్లెడలోని పిప్పిని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, మొహం చిట్లించారు.

"ఏమ్మా, ఈ పొడిని రెండోసారి కూడా మరిగిస్తున్నట్టు సమాచారం. వాస్తవమేనా?"

నూకరత్నం గతుక్కుమంది. "పొద్దున్న డికాషన్‌లోది కొంచెం మధ్యాహ్నం కలుపుతానండి. అందరూ చేసేదేనండి."

"ఎంత తీవ్రమైన విషయమో తెలుసా? రెండో మరుగులో పిప్పిలోని విలువైన సారమంతా బయటికి పోతోంది. పోయి ఎక్కడికి చేరుతోంది?"

"టీలోకండి."

"అక్కడి నుంచి?"

"తాగేవాళ్ళలోకండి."

"చూశారా! పరిశ్రమలకు చేరవలసిన సారం ప్రజలకు చేరుతోంది." తాతబ్బాయి వైపు తిరిగి, "దీనిని దుర్వినియోగముగా నమోదు చేయండి" అన్నారు. తర్వాత స్వరం తగ్గించి, నచ్చజెపుతున్నట్టుగా, "పొడిని వేడినీళ్ళలో ఇలా ముంచి అలా తీసెయ్యమ్మా. సారం పిప్పిలోనే ఉండిపోతుంది" అన్నారు.

"అలాగైతే అది టీ అవ్వదండి."

"అవ్వక్కర్లేదమ్మా" అన్నారాయన, ఎంతో దయగా.

ఇదంతా ఎలాగో భరించేదే. బడ్డీ ఉంది, కిటికీ ఉంది, కిటికీలో ఎర్ర రిబ్బను ఉంది. ఎవరెలా తాగితే ఆమెకేమిటి? కాని సోమవారం నాడు జీపు దిగి, ఏకాంబరం గారనే కాలుష్య తనిఖీ అధికారి వచ్చారు. చెమట తుడుచుకుంటూ బల్ల మీద కూర్చుని, "ముందో టీ ఇయ్యమ్మా, స్ట్రాంగుగా" అన్నారు. తాగారు. బాగుందని ఇంకోటి అడిగి అదీ తాగారు. అప్పుడు సంచీలోంచి కాగితాలు తీశారు.

"ఇక్కడ రసాయన ముడిసరుకు తయారుచేసే కర్మాగారం ఒకటుందట. నూకరత్నం అనే ఆవిడ యజమాని. ఎక్కడమ్మా?"

"నూకరత్నం నేనేనండి. కర్మాగారం నాకు తెలీదండి."

ఆయన కాగితం చూశారు, పొయ్యి చూశారు, మళ్ళీ కాగితం చూశారు. "ప్రధాన ఉత్పత్తి పిప్పి. వ్యర్థ ద్రవం రోజుకు పాతిక లీటర్లు. గోధుమ రంగు. వేడిగా ఉండును. ఈ ద్రవాన్ని మీరు ఎక్కడికి వదులుతున్నారు?"

"ఎక్కడికీ వదలనండి. జనం తాగుతారండి."

ఏకాంబరం గారు లేచి నిలబడ్డారు. "జనంలోకి వదులుతున్నారా!"

"ఆయ్... గ్లాసుల్లో పోసి ఇస్తానండి."

"ఎంతమందిలోకి?"

"రోజుకి మూడొందల మంది వస్తారండి. తమరు కూడా ఇప్పుడే రెండు—"

"అది శాంపిలు" అన్నారాయన గట్టిగా. కానీ ఒక చెయ్యి పొట్ట మీదికి దానంతటదే వెళ్ళింది. అప్పుడు తలెత్తి రోడ్డు అవతలకి చూశారు. అంగన్‌వాడీలో పిల్లలు ఏదో పాట అందుకుంటున్నారు. ఆయన జీపులోంచి టేపు తెప్పించి, పొయ్యి దగ్గర్నుంచి అంగన్‌వాడీ మెట్టు దాకా కొలిపించారు. ముప్పై ఒక్క అడుగులు. పిల్లల కేంద్రానికి మూడు వందల అడుగుల లోపల రసాయన కర్మాగారం ఉండరాదు.

"ఏడు రోజుల్లో పారిశ్రామికవాడకి మార్చుకోవాలి" అని నోటీసు చేతిలో పెట్టారు.

పారిశ్రామికవాడ ఊరికి ఆరు కిలోమీటర్లు. అక్కడ పొయ్యి దగ్గర నిలబడి చూస్తే కనిపించేది గోడ. నూకరత్నం ఆ నోటీసుని పట్టుకున్న చేత్తోనే పాలగిన్నె ముట్టుకుంది, చురుక్కుమన్నా చెయ్యి తియ్యలేదు.

మర్నాడు పిల్లని చంకనేసుకుని కమిషనరు గారి గదికి వెళ్ళింది. లోపల సచ్చిదానందం గారు, ఏకాంబరం గారు కూడా ఉన్నారు. తాతబ్బాయి ఫైలు పట్టుకుని గోడవారన వణుకుతున్నాడు. భయంతో కాదు, అప్పటికి పదకొండో టీ అయింది.

"అయ్యగారూ, ఆ గడిలో మాట తిరగేసి రాస్తే చాలండి. పిప్పి కిందికి, టీ పైకి. అంతేనండి" అంది.

కమిషనరు గారు మంచివారే. సచ్చిదానందం గారి వైపు చూశారు.

"సాధ్యపడదు సార్" అన్నారు ఆయన. "టీని ఉత్పత్తిగా అంగీకరించిన పక్షంలో పిప్పి వ్యర్థమవుతుంది. పిప్పి వ్యర్థమైతే మనం ఊరంతా తిరిగి సేకరిస్తున్నది చెత్త అవుతుంది. మంత్రివర్యులు చెత్తకు కొబ్బరికాయ కొట్టారని అర్థం వస్తుంది."

కమిషనరు గారు ఫ్యాను వేగం పెంచారు.

"యంత్రం తిరుగుతోందా అసలు?" అన్నారు కమిషనరు గారు మెల్లగా.

"తిరగడానికి సర్వసన్నద్ధంగా ఉంది సార్. పొడి పిప్పి మాత్రమే స్వీకరిస్తుంది. మనది తడిగా ఉంది. ఆరబెట్టే షెడ్డుకి ప్రతిపాదన పంపాం."

"మరి వచ్చిన పిప్పి?"

"తాత్కాలికంగా తమరి బంగళా గులాబీలకు సార్."

కమిషనరు గారు గులాబీల మాట విని ఇక ఏమీ అడగలేదు. "చూడమ్మా" అన్నారు నూకరత్నంతో, "అంతగా అయితే అంగన్‌వాడీనే మార్పిద్దాం. పారిశ్రామికవాడకి. నీ వెనకే వస్తుంది."

"సార్, పారిశ్రామికవాడలో పిల్లల కేంద్రం ఉండరాదు" అన్నారు ఏకాంబరం గారు.

"ఎందుకని?"

"అక్కడ కర్మాగారాలుంటాయి సార్."

చంకలో దేవిక, "అమ్మా, ఈ తాతలు మన టీ కొట్టుకి రారా?" అంది. కమిషనరు గారు గంట కొట్టి తర్వాతి మనిషిని పిలిపించారు.

ఆ మధ్యాహ్నం బడ్డీలో బేరం లేదు. పిల్ల ఒళ్ళో పడుకుంది. నూకరత్నం పిల్ల నుదురు తాకి చూసింది. చల్లగానే ఉంది. నిమిషం ఆగి మళ్ళీ తాకింది. తర్వాత నోటీసు విప్పి, మందు కాగితం చదివినట్టే వేలు పెట్టి మొదటి అక్షరం నుంచి కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. ఇందుమూలముగా. తెలియజేయునది. ఏమనగా. నాలుగు పేజీలు. ఇచ్చినాయన చదవలేదు, సంతకం పెట్టినాయన చదవలేదు, టైపు కొట్టినవాడు పాత నోటీసు చూసి కొట్టాడు. నాలుగో పేజీ వెనక అనుబంధం అని ఒకటుంది. చీమ తలకాయలంత అక్షరాలు.

వ్యర్థ ద్రవమును శుద్ధి చేయు విధానము. ద్రవమును గిన్నెలోనికి తీసి బాగుగా మరిగించవలెను. గాఢత తగ్గుటకు తగినంత తెల్లని హానిరహిత ద్రవమును కలుపవలెను. వగరు పోవుటకు తగు పదార్థమును చేర్చవలెను. సన్నని గుడ్డతో వడపోయవలెను. పిమ్మట ఒకేచోట గాక, కొద్దికొద్ది పరిమాణములలో, విడివిడిగా విడుదల చేయవలెను.

నూకరత్నం వేలు ఆగింది. పాలగిన్నె వైపు చూసింది. పంచదార డబ్బా వైపు చూసింది. కొక్కేనికి వేలాడుతున్న వడగుడ్డని చూసింది. వరసగా బోర్లించిన గ్లాసులు చూసింది.

"ఓరి నాయనోయ్" అంది, పిల్ల లేవకుండా చిన్నగా.

వేలు ఇంకా కిందికి పోయింది. పై విధముగా చేయు స్థలము శుద్ధి కేంద్రము అనబడును. శుద్ధి కేంద్రమును మూయుటకు గాని, ఉన్నచోటు నుండి కదుపుటకు గాని ఎవ్వరికిని అధికారము లేదు.

ఆ వాక్యాన్ని ఆమె మూడుసార్లు చదివింది. మొదటిసారి నమ్మలేక. రెండోసారి సరిగా చదివానా అని. మూడోసారి రుచికి.

మర్నాడు ఆమె కబురు మీద బడ్డీకి వచ్చిన ఏకాంబరం గారు, "వ్యవహారం ముగిసింది కదమ్మా, మళ్ళీ ఏంటి?" అంటుంటే, నాలుగో పేజీ వెనక్కి తిప్పి ఆయన ముందు పెట్టింది. "కొంచెం పైకి చదవండయ్యగారూ. నేనైతే తడుముకుంటానండి" అంది.

ఆయన చదవసాగారు. ఆయన నోట "మరిగించవలెను" అని వస్తే నూకరత్నం మరిగించింది. "తెల్లని హానిరహిత ద్రవము" అంటే పాలు పోసింది. "తగు పదార్థము" అంటే పంచదార వేసి, "తమరికి ఒకటిన్నర చెంచా కదండీ" అంది. వడపోసింది. గ్లాసులో పోసి, కొద్ది పరిమాణంలో, విడిగా, ఆయన ముందు విడుదల చేసింది.

ఏకాంబరం గారు కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. కాగితం తమ శాఖదే. ముద్ర తమదే. చివరికి తాగారు. పూర్తిగా తాగి, "శుద్ధి సంతృప్తికరముగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టారు.

ఈ నిర్ణయంతో అందరూ సంతోషించారు. పిప్పి ఉత్పత్తిగానే ఉంది కనుక సచ్చిదానందం గారు, గులాబీలు పూస్తున్నాయి కనుక కమిషనరు గారు, మంత్రి గారి కొబ్బరికాయ నిలబడింది కనుక మంత్రి గారి మనుషులు. బడ్డీ మీద నీలిరంగు బోర్డు పెట్టారు. ద్రవ వ్యర్థ శుద్ధి కేంద్రము, కదుపరాదు. తాతబ్బాయి బల్ల మీద కూర్చుని, "రత్నం, ఒక వ్యర్థం. అల్లం వేసి" అంటాడు. మేస్త్రీలు వచ్చి, "నాలుగు వ్యర్థాలు, ఒకటి పంచదార లేకుండా" అంటారు. నూకరత్నానికి మొదట్లో వినడానికి బాధేసేది. ఇప్పుడు చెవులకి అలవాటైపోయింది. కిటికీలో ఎర్ర రిబ్బను ఉంది.

నెల గడిచాక, ఒక మధ్యాహ్నం సత్యవేణి టీచరు చేతిలో కాగితంతో గబగబా రోడ్డు దాటి వచ్చింది.

"రత్నం, ఇది చూడవే. కమిషనరు గారు మళ్ళీ ఏదో సదస్సుకి వెళ్ళొచ్చారట. పిల్లలకి పెట్టే గుడ్ల పెంకుల్లో సున్నం ఉందట. ఫ్యాక్టరీలకి కావాలట. ఫారం ఇప్పుడే నింపి ఇయ్యమని తాతబ్బాయి గారు మా గుమ్మంలోనే కూర్చున్నారు. ప్రధాన ఉత్పత్తి, గుడ్డు పెంకులు అని ఆయనే రాసేశారు. కింద ఈ వ్యర్థం గడిలో ఏం రాయాలో తెలీక..."

"బాబాయి గారు ఏం రాయమన్నారండి?"

"పెంకులు తీసేశాక మీ దగ్గర ఇంకేం మిగుల్తుంది అన్నారు. గుడ్డు పిల్లలు తినేస్తారు, ఇంక మిగిలేది పిల్లలే కదా అన్నాను. మరి అదే—"

నూకరత్నం చేతిలో గరిట పొయ్యి మీద పడింది. పాలు పొంగి మంట ఆరిపోయింది. ఆమె అటు చూడనే లేదు. టీచరు చేతిలో కలం లాక్కుంది. పెద్ద చదువు చదివిన టీచరమ్మ చేతిలోంచి అలా లాక్కోవడం తప్పు అని తర్వాత తోచింది గాని, అప్పుడు తోచలేదు. కాగితం బల్ల మీద పరిచి, నాలుక పళ్ళ మధ్య పెట్టి, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా రాసింది.

వ్యర్థము: ఉడికిన గుడ్డు.

"గుడ్డు వ్యర్థమా?" అంది సత్యవేణి.

"ఆగండి టీచర్ గారూ." కింద ఇంకో గీత ఖాళీగా ఉంది. వ్యర్థమును శుద్ధి చేయు చోటు. నూకరత్నం తలెత్తి రోడ్డు అవతలకి చూసింది. భోజనాల వేళ. కిటికీలో ఎర్ర రిబ్బను వంగి ఉంది. పిల్ల గుడ్డు ఒలుస్తోంది.

ఆ గీత మీద నెమ్మదిగా, ఒత్తులు పోకుండా, పిల్లలు అని రాసి కలం తిరిగి ఇచ్చింది.

"ఇంక వీళ్ళని ఎవ్వరూ కదపలేరండి" అంది.